యంత్రానికి ఊపిరి పోసిన శాన్‌ఫర్డ్ మాస్

హైదరాబాదు నుండి విజయవాడకు పోవు రహదారి సూర్యాపేటను, కోదాడను దాటి కృష్ణాతీరం వైపు సాగుతుంది. ఆ దారికి దక్షిణాన మిర్యాలగూడ ఉన్నది. వరికోతలు ముగియగానే ధాన్యపు బస్తాలు నింపుకొన్న లారీలు ఆ పట్టణపు బియ్యపు మిల్లుల ముందు బారులు తీరి నిలుస్తవి. వానిలో ఒక లారీ ఇంజనును పరికించి చూచినచో, దాని ప్రక్కన నత్తగుల్లను పోలిన ఇనుప తొడుగొకటి కానవస్తుంది. అదే టర్బోచార్జర్. మెకానిక్కుల నోట అది టర్బో.

నేడు ఈ సాధనం డీజిల్ లారీకి సహజాలంకారమైనది. కాని పాత అంబాసిడరో, ఫియట్టో పదిలపరచుకొన్న వారికి మరొక కోరిక పుడుతుంది. కార్బురేటరుతో నడిచే ఆ పాత పెట్రోలు కారుకు గూడ టర్బో తగిలించరాదా అని. ఈ ప్రశ్నకు సమాధానం వెదుకబోయినచో ఒక అమెరికను ఇంజనీరు జీవితంలోనికి తొంగిచూడవలసి వస్తుంది. కార్బురేటరు గల ఇంజనుకు టర్బో నమర్చి, దాని ఫలితాన్ని లోకానికి అంకెలతో సహా నిరూపించిన వారిలో అగ్రగణ్యుడు శాన్‌ఫర్డ్ మాస్.

ఆయన 1872 ఆగస్టు 23న శాన్‌ఫ్రాన్సిస్కో నగరంలో జన్మించినాడు. పదహారేండ్ల ప్రాయంలోనే బడి విడిచి, గాలిని అదిమి నిలువచేయు యంత్రాలు తయారుచేసే ఒక కర్మాగారంలో పనివాడుగా చేరినాడు. చేతులకు నూనెమరకలంటిన ఆ నాలుగేండ్లే ఆయనకు అసలైన పాఠశాల అనవచ్చును. అదిమిన గాలిలో ఇంధనాన్ని మండించినచో ఆ గాలి ఉబ్బి మరింత పని చేయగలదు గదా అన్న ఊహ అక్కడనే ఆయన మనస్సులో నాటుకొన్నది. ఊహను శాస్త్రంగా మార్చుటకు చదువు కావలెను. కనుక పనివాడు మరల విద్యార్థియై కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో చేరి 1896లో పట్టం పుచ్చుకొన్నాడు. తరువాత కార్నెల్ విశ్వవిద్యాలయంలో పరిశోధన సాగించి 1903లో డాక్టరేటు సంపాదించినాడు.

ఆ పరిశోధన వాయు టర్బైనును గురించినది. మండుచున్న వాయువుల ధాటికి రెక్కల చక్రం గిరగిర తిరిగినది. కాని విచారకరమైన సంగతి యేమనగా, గాలిని అదుముటకు ఖర్చయిన శక్తి ఆ చక్రం తిరిగి ఇచ్చిన శక్తికంటె ఎక్కువ. వడ్డీకి తెచ్చిన సొమ్ముతో వ్యాపారం పెట్టి, వడ్డీకి చాలని లాభం గడించిన వర్తకుని చందం! జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ వారు ఆయనను మసాచుసెట్స్ రాష్ట్రంలోని లిన్ కర్మాగారానికి పిలిపించుకొన్నారు. అక్కడ కొన్నేండ్లు పాటుపడినా ఫలితం మారలేదు. 1907 నాటికి ఆ ప్రయత్నాన్ని కట్టిపెట్టినారు.

కలలుగన్న పని చేతిలోనే చల్లారిపోయినప్పుడు మనిషి చేయదగిన పనులు రెండే. నిట్టూర్చి కూర్చొనుట, లేక మిగిలిన ముక్కలలో పనికివచ్చునదేదో ఏరుకొనుట. మాస్ రెండవదానిని ఎన్నుకొన్నాడు. టర్బైను పోయినా గాలిని అదుము విద్య మిగిలియున్నది. మన పల్లెలో కమ్మరి కొలిమికి తిత్తి ఎట్టిదో, ఇనుము కరిగించు పెద్ద కొలుములకు గాలిని విసరే యంత్రాలు అట్టివి. పదేండ్లపాటు అట్టి యంత్రాల నిర్మాణంలో ఆయన నిమగ్నుడైనాడు.

అంతలో మొదటి ప్రపంచయుద్ధం వచ్చినది. విమానాలు పైకెగిరిన కొలది గాలి పలుచనై ఇంజనులు నీరసించిపోవుచుండెను. ఇంజను పెట్రోలుతో మాత్రమే బ్రతుకదు, గాలితో గూడ బ్రతుకవలెను. ఎత్తున పెట్రోలుకు కొరత లేదు, కొరత అంతా ఊపిరికే. ఇంజను విడిచే పొగతోనే ఒక చక్రం త్రిప్పి, అదే ఇరుసుపై మరొక చక్రంతో గాలిని అదిమి ఇంజనులోనికి పంపుట ఈ సమస్యకు విరుగుడు. ఈ భావానికి మాస్ ఆద్యుడు కాడు. స్విట్జర్లాండు దేశీయుడైన ఆల్ఫ్రెడ్ బూకీ 1905లోనే దీనికి పేటెంటు పొందినాడు. ఫ్రాన్సులో అగస్టే రాటో యుద్ధకాలంలో దీనిని విమానపు ఇంజనులపై పరీక్షించుచుండెను. అమెరికా ప్రభుత్వపు విమానశాస్త్ర సలహాసంఘానికి అప్పుడు అధ్యక్షుడు విలియం డ్యూరాండ్. కార్నెల్‌లో ఉపాధ్యాయుడుగా ఉన్న దినాలలో మాస్ పరిశోధనను ఎరిగినవాడు. ఒకనాటి విద్యార్థిని గురుతుంచుకొని, 1917లో ఈ పనిని ఆయన వద్దకు పంపినవాడు ఆ గురువే. మన ఉపాధ్యాయులు ఈ ఘట్టాన్ని ఇష్టంగా చదువుకొందురు గాక!

మాస్ చేతికి వచ్చినది లిబర్టీ ఇంజను. పండ్రెండు సిలిండర్లు, సుమారు ఇరవైయేడు లీటర్ల పరిమాణం, ఇంధనాన్ని అందించుటకు కార్బురేటర్లు. ఇక్కడ ఒక చిక్కున్నది. కార్బురేటరు సన్నని గొంతుక గుండా గాలి వడిగా పోవునపుడు అక్కడి ఒత్తిడి తగ్గుతుంది. ఆ లోటు కారణంగా ప్రక్కనున్న చిన్న తొట్టిలోని పెట్రోలు తుంపరగా పైకి వచ్చి గాలిలో కలుస్తుంది. అట్టి సున్నితమైన పరికరంలోనికి గాలిని బలవంతంగా ఊదినచో, ఆ గాలి పెట్రోలును రానీయక వెనుకకు త్రోస్తుంది. కనుక పెట్రోలు తొట్టిపై గూడ అంత ఒత్తిడే ఉంచవలెను, పెట్రోలును అంతకు మించిన ఒత్తిడితో పంపవలెను. అప్పుడే కార్బురేటరు తన పనిని తాను మోసపోకుండ చేసుకొంటుంది.

సాధనం సిద్ధమైనది గాని పరీక్షించుటెట్లు? మైదానంలో నడిపి చూచినచో ప్రయోజనం తెలియదు, గాలి పలుచనైన చోటికి పోవలెను. విమానంలో అంకెలు కొలుచుట దుస్సాధ్యం. మాస్ ఒక సులభోపాయం కనిపెట్టినాడు. ఇంజనును లారీపై బిగించి, 1918లో కొలరాడో రాష్ట్రంలోని పైక్స్ శిఖరం మీదికి తోలుకొనిపోయినాడు. పదునాలుగు వేల అడుగులకు మించిన ఎత్తు అది. అక్కడి గాలి సాంద్రత సముద్రతీరపు గాలిలో సుమారు మూడింట రెండు వంతులు మాత్రమే. తీరంలో 350 అశ్వశక్తుల బలమిచ్చు లిబర్టీ ఇంజను ఆ శిఖరంపై 230కి దిగజారినది. టర్బో తగిలించిన పిదప 356 ఇచ్చినది!

ఈ మూడు అంకెలను విద్యార్థులు ప్రక్కప్రక్కన వ్రాసి చూచుట మంచిది. మొదటిదానికి, మూడవదానికి అంతరం ఆరే. మాస్ ఇంజనుకు క్రొత్త బలాన్ని పెద్దగా చేర్చలేదు. కొండ లాగుకొన్నదానిని తిరిగి ఇప్పించినాడు.

నవంబరులో యుద్ధం ముగిసినది. యుద్ధంతోబాటు ఉత్సాహమూ చల్లారినది. అయినను సైన్యం వారు ఈ పనిని పూర్తిగా విడువలేదు. 1920 ఫిబ్రవరి 27న మేజర్ ష్రోడర్ టర్బో అమర్చిన లిబర్టీ ఇంజనుతో 33,000 అడుగులకు పైగా ఎగిరినాడు. ఇంజను ఊపిరికి లోటు రాలేదు గాని, మనిషి ఊపిరికి వచ్చినది. ప్రాణవాయువు అందక, కంటి అద్దాలు పైకి తీసిన క్షణంలో కనుగ్రుడ్లు గడ్డకట్టి, ఆయన స్పృహ తప్పినాడు. విమానం మైళ్ళ తరబడి క్రిందికి పడిపోయినది. నేల చేరువలో తెలివి వచ్చి, చూపు సరిగా ఆనని కళ్ళతోనే విమానాన్ని దింపుకొని బ్రతికి బయటపడినాడు.

ఇంతటి సాహసాలు జరిగినను టర్బోకు రాజయోగం పట్టుటకు మరి రెండు దశాబ్దాలు పట్టినది. ఎఱ్ఱగా కాలిన పొగలో నిమిషానికి వేలాది మార్లు తిరుగు చక్రానికి తగిన లోహం దొరకుటయే కష్టం. 1938లో వయఃపరిమితి వలన మాస్ పదవీవిరమణ చేసినాడు. విశ్రాంతి ఎంతోకాలం దక్కలేదు. రెండవ యుద్ధపు ముంగిట కంపెనీ ఆయనను సలహాదారుగా మరల పిలిచినది. 1940 సంవత్సరపు కాలియర్ బహుమతి ఆయనకు, అమెరికా సైనిక విమానదళానికి కలిపి లభించినది. ఫ్లయింగ్ ఫోర్ట్రెస్, లిబరేటర్ వంటి బాంబరు విమానాలు ఆయన టర్బోతోనే మేఘాలపై సంచరించినవి. ఇందులో మనకూ ఒక వంతున్నది. యుద్ధానంతరం కాన్పూరులో విడిచిపెట్టబడిన లిబరేటర్లను బెంగుళూరు హిందుస్థాన్ విమాన కర్మాగారం వారు బాగుచేయగా, మన వాయుసేన వానిని 1968 వరకు వాడుకొన్నది.

బ్రిటనులో ఫ్రాంక్ విటిల్ నిర్మించిన జెట్ ఇంజను నమూనా అమెరికా చేరినప్పుడు దానిని అప్పగించిన చోటు కూడ లిన్ కర్మాగారమే. 1942లో అక్కడ అది ప్రాణం పోసుకొన్నది. 1907లో మూలపడిన వాయు టర్బైను ఈ రూపంలో తిరిగివచ్చుటను మాస్ కన్నులారా చూచినాడు. 1946 నవంబరు 10న ఆయన కన్నుమూసినాడు.

ఆయన పోయిన పదునారేండ్లకు, 1962లో టర్బో అంగడిలో అమ్మే కారులోనికి వచ్చినది. షెవ్రొలే కోర్వేర్, ఓల్డ్స్‌మొబీల్ జెట్‌ఫైర్ అను రెండు కార్లు, రెండూ కార్బురేటరువే. జెట్‌ఫైర్ ఇంజను మొదటనే మిశ్రమాన్ని గట్టిగా అదిమే రకం. పైగా టర్బో వచ్చినది. అదిమిన గాలి వేడెక్కును, వేడెక్కిన పెట్రోలు మిశ్రమం నిప్పురవ్వకు ముందే ప్రేలును. దానిని చల్లార్చుటకు నీరు, మిథనాలు కలిపిన ద్రవాన్ని వేరొక సీసానుండి పోయించినారు. యజమానులు చాలమంది ఆ సీసా నింపుట మరచినారు. 1963తో ఆ కారు ఆగిపోయినది. తరువాత కంపెనీయే అనేక కార్ల నుండి టర్బో ఊడదీసి మామూలు కార్బురేటరు బిగించి ఇచ్చినది. అదుముడు తక్కువగా ఉంచుకొన్న కోర్వేర్ మాత్రం 1966 దాకా టర్బోతో నిలిచినది.

సూర్యాపేట గాని, కోదాడ గాని, మిర్యాలగూడ గాని సముద్రమట్టానికి వెయ్యి అడుగుల ఎత్తు లేవు. అక్కడి పాత అంబాసిడరు నుండి ఏ కొండయూ ఏమియు లాగుకొనలేదు. పైక్స్ శిఖరంపై టర్బో తీర్చినది బాకీ, ఇక్కడ అది పెట్టునది మోతాదు మించిన భోజనం. అయినను పెట్టదలచినవారు ముందుగా సిలిండరులోని అదుముడును తగ్గించుకొనవలెను. పెట్రోలు పంపు బలాన్ని, తొట్టిమీది ఒత్తిడిని సరిచూచుకొనవలెను. నిప్పురవ్వ పడు వేళను కొంత వెనుకకు జరుపవలెను. టర్బో ఒత్తిడిని కొద్దిపాటితో ఆపు కవాటం లేనిదే బండిని రోడ్డెక్కించరాదు. ఇంజనులోపల గులకరాళ్ళు దొర్లినట్లు చప్పుడు వినిపించినచో తక్షణం యాక్సిలరేటరు మీదనుండి కాలు తీయవలెను.