ఊరే ఇంటిపేరైన బూర్గుల

మన బడి హాజరుపట్టీలో నా ఇంటిపేరు పూర్తిగా ఉండేది. ఇంజనీరు ఉద్యోగంలో చేరాక అది ఒక్క పొడి అక్షరమైపోయింది. ఈ మధ్య మా అబ్బాయి పాస్‌పోర్టు దరఖాస్తు నింపుతూ, సర్‌నేమ్ గడి దగ్గర ఆగి, మన ఇంటిపేరుకు అర్థమేమిటని అడిగాడు. పూర్వం మనవాళ్లున్న ఊరి పేరని తప్ప మరేమీ చెప్పలేకపోయాను. అప్పుడు గుర్తొచ్చినవారు బూర్గుల రామకృష్ణారావు గారు.

వారి అసలు ఇంటిపేరు పుల్లంరాజు. 1899 మార్చి 13న కల్వకుర్తి తాలూకా పడకల్లులో పుట్టారు. షాద్‌నగర్ దగ్గరి బూర్గుల వారి సొంతూరు. ఆ ఊరి పేరే ఇంటిపేరుగా స్థిరపడింది. ఇంగ్లీషువాళ్లలోనూ ఇలాంటివి ఉన్నాయి. గోదావరి ఆనకట్ట కట్టిన కాటన్ దొర ఇంటిపేరుకు పత్తితో సంబంధం లేదు. పాత ఇంగ్లీషులో గుడిసెలున్న చోటు అని అర్థం.

రామకృష్ణారావు గారు పుణె ఫెర్గూసన్ కళాశాలలో చదివి, బొంబాయిలో న్యాయశాస్త్రం పూర్తిచేసి, హైదరాబాదులో వకీలయ్యారు. ఉర్దూ, పారసీ, సంస్కృతం, మరాఠీ బాగా వచ్చినవారు. నిజాం పాలనలో తెలుగుకు చోటు కరువైన రోజుల్లో, 1931లో మన నల్లగొండ జిల్లా దేవరకొండలో జరిగిన రెండో ఆంధ్ర మహాసభకు అధ్యక్షత వహించారు. రెవెన్యూ మంత్రిగా ఉన్నప్పుడు వచ్చిన 1950 కౌలుదారీ చట్టం, దున్నేవాడిని ఇష్టమొచ్చినట్టు భూమి నుంచి వెళ్లగొట్టకుండా రక్షణ ఇచ్చింది. 1952లో హైదరాబాదు రాష్ట్రానికి ఎన్నికైన తొలి ముఖ్యమంత్రి అయ్యారు. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడగానే ఆ పదవి వదిలి కేరళ గవర్నరుగా వెళ్లారు.

1955 డిసెంబరు 10న నెహ్రూ గారు నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేసిననాటికి ఇటు ముఖ్యమంత్రి బూర్గులే. 1967 ఆగస్టులో కాలువలకు నీళ్లు వదిలారు. సెప్టెంబరులో ఆయన కన్నుమూశారు. మిర్యాలగూడ, కోదాడ వైపు మెట్ట పొలాలు మాగాణి అయింది ఆ ఎడమ కాలువతోనే. మా ఇంట్లో నా చదువుకు ఫీజు కట్టింది ఆ నీటితో పండిన వడ్లే.

పేరున్నంత కాలం ఊరిని వెంట మోసిన మనిషి ఆయన. నేను మాత్రం మా ఊరిని ఒక్క అక్షరానికి కుదించాను. అందుకే ఈ సంచికకు పేరు ఇచ్చేటప్పుడు ఇంటిపేరు పూర్తిగా రాశాను. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల నుంచి వచ్చే పాత మిత్రులారా, సంఘం చిరునామాల పుస్తకంలో మీరూ అలాగే రాయండి. దాని వెనక ఏ ఊరుందో ఇంట్లో పెద్దలున్నప్పుడే అడిగి తెలుసుకోండి.