జెడ్ ఉన్న అయిదక్షరాల మాటలు, బ్రౌన్ జిల్లా నిఘంటువు

ఇంగ్లీషు పదాల ఆట మన బడి పిల్లలకు కొత్త కాదు. అయిదక్షరాల మాట చెప్పాలి, అందులో జెడ్ ఉండాలి అంటే జీబ్రా, పిజ్జా, ప్రైజ్ దాకా గబగబా వస్తాయి. ఆ తర్వాత తరగతి మౌనం. అక్కడ పిల్లలకు అందించదగిన మాటలు కొన్ని ఉన్నాయి. నిజాం, మిర్జా, ఇజ్జత్, ఘాజీ, వజీర్, నాజిర్, బజార్, జిల్లా. ఇవన్నీ ఇంగ్లీషు పెద్ద నిఘంటువులకు ఎక్కిన మాటలే. రోమన్ లిపిలో ఒక్కొక్కటీ అయిదక్షరాలు, అన్నిట్లోనూ జెడ్ ఉంది. బజారుకు ఇంకో ఏ, జిల్లాకు చివర హెచ్ చేర్చి రాసే పద్ధతీ ఉంది గాని, అప్పుడు ఆటలో లెక్క తప్పుతుంది.

లండన్ పిల్లవాడికి ఇవి వింత మాటలు. రాయచూరు పిల్లవాడికి వీటిలో సగం ఇంట్లో విన్నవే. ఇలాంటి మాటలకు ప్రత్యేకంగా నిఘంటువులు కట్టిన చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ పేరు మనకు వేమన పద్యాల వల్ల తెలుసు. ఈ పని మాత్రం అంతగా తెలియదు.

బ్రౌన్ 1798 నవంబరు 10న కలకత్తాలో పుట్టారు. తండ్రి డేవిడ్ బ్రౌన్ మతబోధకుడు, చాలా భాషలు తెలిసినవారు. 1812లో తండ్రి పోయాక కుటుంబం ఇంగ్లండు చేరింది. కంపెనీ ఉద్యోగానికి చదువుకుని 1817లో మద్రాసులో దిగేనాటికి బ్రౌన్‌కు తెలుగు రాదు. ఇక్కడి కళాశాలలో నేర్చుకుని, 1820లో కడప కలెక్టరు కింద ఉద్యోగంలో చేరారు. కచేరీలో వినిపించిన తెలుగు వేరు, పండితులు చదివించిన తెలుగు వేరు. ఆ రెంటికీ మధ్య ఉన్న దూరం ఆయన్ను జీవితమంతా పని చేయించింది.

కడపలో బంగళా కొని, పండితులకు జీతాలిచ్చి, తాటాకు ప్రతులు పోల్చి సరిచూసే పని పెట్టించారు. జనం దాన్ని బ్రౌన్ కాలేజీ అన్నారు. కడపలో, మచిలీపట్నంలో పేద పిల్లలకు సొంత డబ్బుతో ఉచితంగా బడులు నడిపారు. అప్పులు పెరిగాయి. 1829లో వేమన పద్యాలు ఇంగ్లీషు అనువాదంతో అచ్చయ్యాయి. జూలూరి అప్పయ్య వంటి పండితులు లేకపోతే ఈ పనులేవీ సాగేవి కావు. పుస్తకం మీద దొర పేరే పెద్దగా కనబడుతుంది కాబట్టి ఈ మాట పిల్లలకు మనమే చెప్పాలి.

1834లో ఉద్యోగానికి దూరమై ఇంగ్లండు వెళ్ళి, కొన్నేళ్ళకు తిరిగివచ్చాక మద్రాసులో ఆయనకు దక్కిన పని పారశీక అనువాదకుడి పదవి. మన కథకు ఇది ముఖ్యం. కచేరీ కాగితాల్లో తెలుగు, పారశీకం, హిందుస్తానీ కలగలిసి ఉండేవి. రైతు పెట్టుకున్న అర్జీలో తాలూకా, జమాబందీ, జప్తు, రాజీనామా వంటి మాటలు వచ్చేవి. పండితులకు అవి తెలుగు కావు, కనుక నిఘంటువులో చోటు లేదు. కొత్తగా వచ్చిన దొరకు వాటి అర్థం తెలియదు. అర్థం తప్పుగా తీసుకుంటే నష్టపోయేది అర్జీ పెట్టుకున్న రైతే. మా దృష్టిలో బ్రౌన్ చేసిన పనులన్నిటిలో సామాన్యుడికి సూటిగా ఉపయోగపడినది ఇక్కడే ఉంది.

1852లో ఆయన తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు వెలువడింది. అదే ఏడాది జిల్లా నిఘంటువు అనే పుస్తకం కూడా వచ్చింది. ఇందులో కచేరీ వ్యవహారంలో నలిగే మాటలు రోమన్ లిపిలో ఉంటాయి. 1854లో తెలుగులో కలిసిపోయిన అన్యదేశ్యాలకు విడిగా మిశ్రభాషా నిఘంటువు అచ్చువేశారు.

జిల్లా అన్న మాట చూడండి. అరబీలో దాని మూలార్థం పక్కటెముక, ఆ తర్వాత పక్క, భాగం. రాజ్యంలో ఒక భాగం కాబట్టి జిల్లా అయింది. ఉర్దూలో ఈ జెడ్ ధ్వనికి జే, జాల్, జ్వాద్, జోయ్ అని నాలుగు అక్షరాలున్నాయి. బజారుకు ఒకటి, జిల్లాకు ఒకటి, నిజాంకు ఇంకొకటి. ఇంగ్లీషులోకి వచ్చేసరికి అన్నీ ఒక్క జెడ్‌లో ఒదిగాయి. మన తెలుగులో ఒక్క జ రాస్తాం గాని, నోటితో రెండు రకాలుగా పలుకుతాం. జిల్లా అన్నప్పటి జ వేరు, జాడ అన్నప్పటి జ వేరు. బ్రౌన్ నిఘంటువులో ఈ రెండో రకానికి పైన గుర్తు పెట్టి ౙ అని, చక్కనలోని చకారానికి ౘ అని అచ్చువేశారు. ఇవాళ అచ్చులో ఆ గుర్తులు కనిపించవు. జెడ్ పలకడం రాదని పిల్లవాడు బెదిరితే ముందు జాడ అనమని చెప్పి చూడండి. ఆ జకారం జెడ్‌కు చాలా దగ్గర.

బ్రౌన్ ఉద్యోగం మద్రాసు ప్రెసిడెన్సీలో, రాయచూరు అప్పట్లో నిజాం రాజ్యంలో. అయితే జిల్లా నిఘంటువు అచ్చయిన మరుసటి ఏడాదే, 1853 ఒప్పందంతో రాయచూరు దోఆబ్ కంపెనీ పాలనకు వెళ్ళింది. 1860లో మళ్ళీ నిజాంకు వచ్చింది. పాలించేవారు మారినా కచేరీ మాటలు మారలేదు. తుంగభద్ర కాలువ నీళ్ళు వచ్చాక కోస్తా నుంచి సింధనూరు, మాన్వి వైపు క్యాంపులకు వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు కూడా భూమి కాగితాల్లో ఆ మాటలతోనే నెట్టుకొచ్చాయి. ఇంట్లో తెలుగు, బడి బయట కన్నడం, సంతలో ఉర్దూ వింటూ పెరిగే మన పిల్లలకు ఇంగ్లీషు ఆటలో ఇది అదనపు పెట్టుబడి. ఇంట్లో తాతయ్యను, నాయనమ్మను అడిగి జ ఉన్న కచేరీ మాటలు పది రాసుకు రమ్మనండి. వాటిలో ఇంగ్లీషు నిఘంటువుకు ఎక్కినవి ఎన్నో, రోమన్ లిపిలో అయిదక్షరాలకు సరిపోయేవి ఎన్నో తరగతిలో పిల్లలే వెతుక్కుంటారు.

పదవీ విరమణ తర్వాత బ్రౌన్ లండన్‌లో స్థిరపడ్డారు. 1865లో అక్కడి విశ్వవిద్యాలయంలో తెలుగు ఆచార్యులయ్యారు. పెళ్ళి చేసుకోలేదు. 1884 డిసెంబరు 12న కన్నుమూశారు. కడపలో ఆయన బంగళా ఉన్న చోట ఇప్పుడు ఆయన పేరుతో గ్రంథాలయం ఉంది.