మనలాగే పింఛనుదారు విట్రూవియస్

క్రీస్తుకు పూర్వం 1వ శతాబ్దపు రోమన్ వాస్తుశిల్పి విట్రూవియస్ మనవంటి పింఛనుదారే అంటే సభ్య మిత్రులకు ఆశ్చర్యం కలగవచ్చు. సైన్యంలో రాళ్ళు రువ్వే యంత్రాల తయారీ, మరమ్మతులు చూసిన ఉద్యోగి ఆయన. అగస్టస్ చక్రవర్తి సోదరి ఆక్టేవియా సిఫారసుతో ఆయనకు భృతి కొనసాగింది. బతికినన్నాళ్ళూ లోటుండదన్న ధీమా చిక్కాక, పది భాగాల వాస్తు గ్రంథం రాసి చక్రవర్తికి అంకితమిచ్చారు. అప్పటికి వయసు మీరింది, ఒంట్లో సత్తువ లేదు. (మనిషి కూడా పొట్టే. ఇవన్నీ ఆయన దాచకుండా రాసుకున్న సంగతులే.)

గుడి భాగాల పేర్లు చాలావరకు గ్రీకువి. లాటిన్‌లో సరైన మాట లేనిచోట వాటినే ఉంచారు. పేరు చెప్పి ఊరుకోలేదు. రాతి గుళ్ళలో స్తంభాల పైవరసన నిలువు గాడులతో కనిపించే ట్రైగ్లిఫ్ ఒకప్పటి వడ్రంగి పనేనన్నారు. గోడ దాటి వచ్చిన దూలాల కొసలు కోసేసి, ఆ చోటు అందవికారంగా ఉందని పలకలు కొట్టి నీలి మైనం పూసేవారట. చూరు కింద పళ్ళవరసలా ఉండే డెంటిల్స్ పూర్వపు వాసాల కొసలు. అయోనిక్ స్తంభం తలమీది చుట్టలేమో స్త్రీల ముంగురులు! ఇల్లు కట్టించిన అనుభవమున్నవారికి ఇవి ఇట్టే బోధపడతాయి.

తాను కట్టించానని ఆయన చెప్పుకున్నది ఫానమ్ పట్టణంలోని బసిలికా మండపం ఒక్కటే. ఆ కట్టడం నేడు నిలిచి లేదు. గ్రంథంలోని బొమ్మలూ పోయాయి. నా దృష్టిలో ఇదే పెద్ద నష్టం. స్తంభాల కింది అరుగు మధ్యలో కుంగినట్టు కనబడకుండా స్కామిల్లీ ఇంపారెస్ వాడాలని రాసి, ఎలాగో చివరనున్న బొమ్మలో చూడమన్నారు. బొమ్మ లేకపోయేసరికి ఆ మాటకు అర్థమేమిటని పండితులు వందల ఏళ్ళు వాదించుకున్నారు.