రాజా లాలా దీన్ దయాళ్

రాజా లాలా దీన్ దయాళ్ (1844 - 1905 జూలై 5) హైదరాబాదు ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఛాయాచిత్రకారుడు. పెద్ద గాజు పలకల కెమెరాతో ఈయన తీసిన కోటలు, రాజభవనాలు, దర్బారుల చిత్రాలు స్పష్టతకు పేరుపొందాయి.

తొలి జీవితం

ఈయన మీరట్ సమీపంలోని సర్ధనాలో, నగల వ్యాపారం చేసే జైన కుటుంబంలో జన్మించాడు. రూర్కీలోని థామసన్ ఇంజనీరింగు కళాశాలలో చదివి, ఇండోరు ప్రజాపనుల శాఖలో చేరాడు. 1874 ప్రాంతంలో ఛాయాచిత్రణ చేపట్టాడు. ఇండోరు మహారాజు రెండవ తుకోజీరావు హోల్కర్ ప్రోత్సహించాడు. ఆంగ్లేయ అధికారి లెపెల్ గ్రిఫిన్ వెంట తిరిగి తీసిన మధ్యభారత కట్టడాల చిత్రాలు 1886లో గ్రంథరూపంలో వెలువడ్డాయి.

కెమెరా, ఫోకస్

ఆ కాలపు కెమెరాలో దృశ్యం వెనుకనున్న గరుకు అద్దం మీద తలకిందులుగా కనిపించేది. ఛాయాచిత్రకారుడు నల్లగుడ్డ కప్పుకొని, తిత్తిని ముందువెనుకలకు జరుపుతూ ఫోకస్ కుదుర్చుకోవాలి. ఎండలోని కోటగోడకు ఇది సులభమే. గుడి లోపలి చీకటిలోనో, రాజభవనపు గదులలోనో అద్దంపై దాదాపు ఏమీ కనపడదు. అటువంటప్పుడు కటకపు రంధ్రాన్ని పూర్తిగా తెరచి, చిత్రించదలచిన చోట దీపం పెట్టించి, ఆ జ్వాల అంచు స్పష్టంగా కనిపించేవరకు సరిచూడడం ఒక ఉపాయం. తరువాత రంధ్రాన్ని చిన్నది చేస్తే దగ్గరి స్తంభము, దూరపు గోడ రెండూ స్పష్టంగా వస్తాయి. కాని లోపలికి వచ్చే వెలుగు తగ్గుతుంది కనుక పలకను ఎక్కువసేపు తెరచి ఉంచాలి.

ఎత్తైన కట్టడాలది మరో చిక్కు. కెమెరాను పైకి వంచితే చిత్రంలో గోడలు పైభాగాన దగ్గరపడతాయి. అందుకే కెమెరాను నిటారుగా ఉంచి, కటకాన్ని మాత్రమే పైకి జరుపుతారు. ఇంజనీరింగు చదివిన దీన్ దయాళ్‌కు ఈ లెక్క కష్టమై ఉండదు.

గరుకు అద్దం స్థానంలో పలక అమర్చిన తరువాత దృశ్యం ఇక కనపడదు. అప్పుడు స్టాండు కాలు కుంగినా, ఏనుగు తల విదిల్చినా ఆ పలక వృథా. 1880లలో పొడి పలకలు వ్యాపించడంతో ఎక్స్‌పోజరు సమయం తగ్గి, వేట, సైనిక విన్యాసాల వంటివి చిత్రించడం సాధ్యమయింది.

హైదరాబాదులో

1880లలో ఈయన సికింద్రాబాదులో స్టూడియో నెలకొల్పాడు. పరదా పాటించే స్త్రీల కోసం 1892లో హైదరాబాదులో ప్రత్యేకంగా జనానా స్టూడియో తెరచాడు. నిజాం 1894లో ముసవ్విర్ జంగ్ బహదూర్ బిరుదునిచ్చాడు. 1896లో బొంబాయిలోనూ స్టూడియో వెలసింది. దర్బారు వైభవంతో పాటు నిజాం రాజ్యంలోని కరవు సహాయక పనులను కూడా ఈయన చిత్రించాడు. వీటిని గురించి చెప్పుకొనేవారు తక్కువ.

ఈయన గాజు నెగటివులు రెండువేలకు పైగా 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రానికి చేరాయి. 2006లో భారత తపాలా శాఖ ఈయన స్మారక తపాలా బిళ్ళను విడుదల చేసింది.