ఒర దాటని కత్తులు: మూడవ సాలార్‌జంగ్ జీవితం

హైదరాబాదులో ఉద్యోగం చేసినవారిలోనూ, ఆఫీసు పనిమీద హైదరాబాదు వచ్చి తిరిగినవారిలోనూ సాలార్‌జంగ్ మ్యూజియం చూడనివారు మన సభ్యులలో అరుదు. గడియారం లోంచి బొమ్మ బయటికి వచ్చి గంట కొట్టడం చూశాం. మేలిముసుగు రెబెక్కా శిల్పం ముందు నిలబడి, పాలరాతితో అంత పలుచని ముసుగు ఎలా చెక్కారా అని ఆశ్చర్యపోయాం. ఆయుధాల విభాగం దగ్గరికి వచ్చేసరికి కాళ్ళు నొప్పులు పుట్టి, పిల్లలు మంచినీళ్ళు అడుగుతూ ఉండగా, గబగబా దాటేసి వచ్చినవాళ్ళమే ఎక్కువ. నిజానికి ఆ సేకరణ చేసిన మనిషిని తెలుసుకోవడానికి ఆ కత్తుల దగ్గరే కాసేపు ఆగాలి. అన్ని కత్తులు, బాకులు, కటారులు ఉన్న ఆయన వాటిని పట్టుకుని ఏ యుద్ధానికీ వెళ్ళలేదు. వెళ్ళే ఉద్దేశమూ లేదు. మరి ఎందుకు కొన్నట్లు?

నవాబ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ గారు 1889 జూన్ 13న పూనాలో జన్మించారు. ఆయన పుట్టిన నెల తిరగకుండానే తండ్రి మీర్ లాయక్ అలీఖాన్, అంటే రెండవ సాలార్‌జంగ్, కన్నుమూశారు. పసికందుకు వారసత్వంగా వచ్చినవి పెద్ద జాగీరు, దివాన్ దేవిడీ అనే విశాలమైన భవన సముదాయం, వీటితోపాటు తాతగారి పేరు. పిల్లవాడు పెరిగి పెద్దయ్యేవరకు ఎస్టేటు వ్యవహారాలను ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ప్రభుత్వమే చూసింది.

తాతగారి సంగతి రెండు మాటలలో చెప్పక తప్పదు. మొదటి సాలార్‌జంగ్ మీర్ తురాబ్ అలీఖాన్ 1853 నుంచి 1883లో మరణించేవరకు ముప్పయి సంవత్సరాలు హైదరాబాదు దివానుగా పనిచేశారు. 1865లో జిలాబందీ పేరుతో రాజ్యాన్ని జిల్లాలుగా విభజించి, తాలూకాలు, తహసీళ్ళు, దస్త్రాలు, నెల జీతం మీద పనిచేసే ఉద్యోగులు అనే పద్ధతిని స్థిరపరచింది ఆయనే. తెలంగాణ జిల్లాలలో రెవెన్యూ శాఖలో పనిచేసిన మనందరం ఒక విధంగా ఆయన వేసిన బాటలో నడిచినవాళ్ళమే. ఆ రోజులలో నగరం వీధులలో కత్తి అలంకారం కాదు. అరబ్బు సిపాయిలు మేకకొమ్ములా వంగిన జంబియా నడుముకు దోపుకుని తిరిగేవారు. వారి ఆగడాలను అదుపులో పెట్టడం దివానుగారికి పెద్ద పని అయింది. ఆయనపైన కూడా 1859లోనూ, 1868లోనూ హత్యాప్రయత్నాలు జరిగాయి. రెండుసార్లూ బతికి బయటపడ్డారు. అటువంటి కత్తుల మధ్య బతికిన తాతకు, అవే కత్తులను అద్దాల బీరువాలలో పెట్టుకున్న మనుమడు పుట్టాడు.

మనుమడు కూడా దివాను అయ్యారు. 1911లో గద్దె ఎక్కిన ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ మరుసటి సంవత్సరమే, మహారాజా కిషన్ ప్రసాద్ గారి స్థానంలో యూసుఫ్ అలీఖాన్ గారిని నియమించారు. అప్పటికి ఆయన వయస్సు ఇరవై మూడు. మనలో చాలామందికి ఆ వయస్సులో మొదటి పోస్టింగు ఆర్డరు కూడా చేతికి రాలేదు. అయితే తాతగారికి దొరికిన స్వేచ్ఛ మనుమడికి దొరకలేదు. కొత్త నిజాం పాలన పగ్గాలు తన చేతిలోనే ఉంచుకోవాలనుకునే మనిషి. 1914 చివరలో యూసుఫ్ అలీఖాన్ గారు పదవి వదులుకున్నారు. ఆ తరువాత ఐదేళ్ళపాటు నిజాం దివాను లేకుండానే పాలించి, 1919లో ఎగ్జిక్యూటివ్ కౌన్సిలు ఏర్పాటు చేశారు.

అంటే ఇరవై అయిదేళ్ళకే ఆయన రిటైరయ్యారన్నమాట. ముందు ముప్పయి నాలుగేళ్ళ జీవితం ఉంది. పెళ్ళి చేసుకోలేదు. రిటైరైన మనిషికి పొద్దు గడవడం ఎంత కష్టమో మన సంఘంలో ఎవరికీ చెప్పనక్కరలేదు. ఆయన పొద్దు గడుపుకున్న తీరు ఇది: ప్రపంచంలో ఎక్కడ అందమైన పాత వస్తువు అమ్మకానికి వచ్చినా ఆ జాబితా దివాన్ దేవిడీకి చేరేది. దేశవిదేశాలలో వ్యాపారులు, ఏజెంట్లు కేటలాగులు పంపేవారు. ఆయన స్వయంగా యూరపు, పశ్చిమాసియా దేశాలు తిరిగి కొనేవారు. చీనా పింగాణీ, పారశీక తివాచీలు, ఫ్రెంచి సామాను, వ్రాతప్రతులు, దంతపు పనితనం, చివరికి పిల్లల ఆటబొమ్మలు కూడా. మేలిముసుగు రెబెక్కాను మాత్రం తాతగారే 1876లో రోములో కొన్నారు. ఇంటికి అప్పటికే సేకరణ అలవాటు ఉన్నది. మనుమడు దానిని జీవితంగా చేసుకున్నారు.

ఆయుధాలలో కొన్ని ఇంటివి, చాలావరకు సేకరించినవి. ఔరంగజేబు, టిప్పు సుల్తాను, గోల్కొండ చివరి ప్రభువు అబుల్ హసన్ తానీషా వంటివారి పేర్లతో చెప్పే ఆయుధాలు అందులో ఉన్నాయి. జేడ్ అనే పచ్చరాతి పిడితో జహంగీరు వేటకత్తి ఉన్నది. రత్నాలు పొదిగిన మరొక చిన్న కత్తి నూర్జహానుదని చెబుతారు. అది పండ్లు కోసుకునే కత్తి. పరువంలో ఉన్న ఏ మామిడిపండో ఖర్బూజానో కోయడానికి చేసిన ఆ చాకు సాలార్‌జంగు ఇంటికి వచ్చిన తరువాత పండు మొహం చూసి ఉండదు.

ఆ పనితనం సంగతి కొంచెం చెబుతాను. జేడ్ రాయి సామాన్యమైన ఉక్కు ఉలికి లొంగదు. దానికంటే గట్టిదైన కురువిందపు పొడిని నీటితో కలిపి రోజుల తరబడి రుద్ది రుద్ది అరగదీస్తేనే పిడి ఆకారం వస్తుంది. తరువాత దానిలో సన్నని గాళ్ళు తీసి, బంగారు తీగ అమర్చి, రత్నాలు కూర్చాలి. ఇక పాతకాలపు మంచి అలుగులను వెలుతురులో వంచి చూస్తే మెరుపు మీద నీటి అలల వంటి గీతలు కనబడతాయి. అవి ఎవరో గీసినవి కావు, ఉక్కులోనే పుట్టినవి. ఇనుమును మట్టి మూసలలో బొగ్గు కలిపే పదార్థాలతో పెట్టి కరిగించి, నెమ్మదిగా చల్లారనిచ్చి తీసిన ఉక్కు ముద్దను జాగ్రత్తగా సాగగొడితే ఆ గీతలు వస్తాయి. అటువంటి ఉక్కుకు మన నిజామాబాదు జిల్లా కోనసముద్రం పేరుపొందిన ఊరు. అక్కడి ఉక్కు కోసం పారశీక వర్తకులు వచ్చేవారని 19వ శతాబ్ది ఆరంభంలో ఆ ఊరు చూసిన ఇంగ్లీషు పరిశీలకులు వ్రాసి పెట్టారు. ఇంగ్లీషులో ఆ ఉక్కును ఊట్జ్ అంటారు. ఆ మాట మన దక్షిణాది ఉక్కు అన్న మాట నుంచే వచ్చిందని పండితులలో చాలామంది అభిప్రాయం. మన మూసలలో కరిగి పరదేశం వెళ్ళి కత్తిగా మారిన ఉక్కు మళ్ళీ ఈ దేశం చేరడం ఆ రోజులలో వింత కాదు. కానీ ఆ మూసలు చల్లబడి చాలా కాలమైంది. ఆ విద్య తెలిసిన చేతులూ లేవు.

ఇక్కడే వాడకం సంగతి వస్తుంది. మన ఇళ్ళలో కత్తిపీట చూడండి. అమ్మమ్మల కాలంలో నాలుగు వేళ్ళ వెడల్పు ఉన్న అలుగు, సాన పట్టించగా పట్టించగా, ఈనాటికి నెలవంకలా సన్నబడి ఉంటుంది. వాడిన కత్తి అరుగుతుంది. యుద్ధానికి వెళ్ళిన కత్తి విరుగుతుంది, పోతుంది, లేదా కరిగించి గునపం చేస్తారు. మేము పనిచేసిన కాలంలో ఆఫీసులో దారం తెంపడానికీ పెన్సిలు చెక్కడానికీ ఒక చాకు ఉండేది. స్టాకు రిజిస్టరులో మాత్రం అది పూర్తి చాకు, చేతిలో అంగుళం ముక్క. ఎవరూ వాడకుండా ఎవరో ఒకరు దాచిపెట్టినందువల్లనే ఆ పాత ఉక్కు గీతలు, ఆ పిడి పనితనం మన కంటికి మిగిలాయి.

దాచడం కూడా చిన్న పని అని అనుకోరాదు. ఉక్కుకు వాన తేమ శత్రువు. చేతి చెమట అంటితే చాలు, వేలిముద్ర తుప్పుగా మిగులుతుంది. ముఖమల్ అతికించిన ఒర చూడముచ్చటగా ఉంటుంది గాని, తేమను పట్టి ఉంచుతుంది కనుక అలుగును అందులోనే వదిలేస్తే లోలోపల తినేస్తుంది. తుడవాలి, నూనె రాయాలి, మళ్ళీ తుడవాలి. ఏడాదికొకసారి దసరాకు ఆయుధపూజ చేసి కుంకుమబొట్టు పెట్టి వదిలేసే మన పద్ధతి ఈ కత్తులకు చాలదు.

ఆయన ఎంపిక అంతా గొప్పదని నేను అనను. పెద్ద పెద్ద కళాఖండాల పక్కన మామూలు సామాను, అసలు చిత్రాల పక్కన నకళ్ళు కూడా కొన్నారని విమర్శకులు అన్నది నిజమే. చూడగానే మనసుకు పట్టినదల్లా కొన్నారనిపిస్తుంది. అంతకంటే పెద్ద ప్రశ్న మరొకటి ఉంది. ఆ డబ్బు ఎక్కడిది? జాగీరు ఆదాయమే మూలం, అంటే రైతు కట్టిన శిస్తు. తెలంగాణ పల్లెలు వెట్టిచాకిరితో, అప్పులతో నలిగిన కాలంలోనే కొందరి ఇళ్ళలో రత్నాల చాకులు చేరాయి. ఈ మాట చెప్పకుండా ఆయన జీవితం వ్రాస్తే లెడ్జరులో ఖర్చు ఒకటే వ్రాసి జమ వదిలేసినట్లు ఉంటుంది. శిస్తు కట్టినవారిని ఏ వస్తువు కొనాలని ఎవరూ అడగలేదు.

నవాబుగారు 1949 మార్చి 2న మరణించారు. వయస్సు అరవై కూడా నిండలేదు. అంతకు ఆరు నెలల ముందు పోలీసు చర్యతో నిజాం రాజ్యం భారతదేశంలో కలిసింది. మరణించిన అయిదు నెలలకు జాగీర్ల రద్దు ఉత్తర్వు వచ్చింది. సంతానం లేదు. దివాన్ దేవిడీ గదుల నిండా వేలకొలది వస్తువులు, దూరపు దగ్గరి వారసులు, వారి హక్కుల వివాదాలు. అటువంటి ఆస్తి సాధారణంగా ఏమవుతుందో మన సభ్యులు ఎన్నో ఫైళ్ళలో చూసి ఉంటారు. తలా ఒక పెట్టె పంచుకుని, అవసరాలకు అమ్ముకుని, పదేళ్ళలో ఒక్కొక్క కత్తి ఒక్కొక్క దేశం చేరిపోయేది. జహంగీరు కత్తి లండనులోనో, నూర్జహాను చాకు మరెక్కడో ఉండేవి. ముప్పయి అయిదేళ్ళ శ్రమకు ఒక జాబితా కాగితం కూడా మిగిలేది కాదు.

అలా జరగలేదు. ప్రభుత్వం ఎస్టేటు కోసం ఒక కమిటీని నియమించింది. వస్తువులను మ్యూజియంగా అమర్చే పనికి జేమ్స్ కజిన్స్ గారిని పిలిపించారు. ఈయన ఐర్లండు దేశపు కవి, కళా విమర్శకుడు. మన మదనపల్లె కళాశాలలో ఎన్నో ఏళ్ళు పనిచేసి, 1956లో మదనపల్లెలోనే కన్నుమూశారు. 1951 డిసెంబరు 16న దివాన్ దేవిడీలోనే మ్యూజియంను ప్రధాని నెహ్రూ గారు ప్రారంభించారు. 1958లో వారసులు రాజీ కుదుర్చుకుని సేకరణను ప్రభుత్వానికి అప్పగించడానికి ఒప్పుకున్నారు. కోర్టు మెట్లు ఎక్కినవారికి ఆ రాజీ విలువ తెలుస్తుంది. 1961లో పార్లమెంటు ప్రత్యేక చట్టం చేసి దీనిని జాతీయ ప్రాముఖ్యం గల సంస్థగా ప్రకటించింది. 1968లో మూసీ దక్షిణపు ఒడ్డున కట్టిన ఇప్పటి భవనానికి మార్చారు. పింగాణీ పగలకుండా, కత్తి ఒకటి తగ్గకుండా ఇన్ని వేల వస్తువులను లెక్కవ్రాసి ఒకచోటి నుంచి మరొకచోటికి చేర్చిన గుమాస్తాలు, ప్యూన్లు ఎవరో వారి పేర్లు ఎక్కడా కనబడవు. మన బోటివారే అయి ఉంటారు.

దివాన్ దేవిడీ తరువాతి కాలంలో చాలావరకు రూపుమాసిపోయింది. ఇల్లు పోయింది, జాగీరు పోయింది, వంశం పేరు చెప్పే కొడుకు లేడు. రెవెన్యూ కట్టిన రైతుల మునిమనుమలు ఈనాడు టిక్కెట్టు కొని లోపలికి వెళ్ళి ఆ చాకు ముందు నిలబడుతున్నారు.

మనుమలను తీసుకుని వెళ్ళదలచిన సభ్యులకు ఒక సూచన. శుక్రవారం మ్యూజియంకు సెలవు. మిగతా రోజులలో ఉదయం పెందలాడే వెళ్ళి, ఓపిక ఉన్నప్పుడే ఆయుధాల వైపు, జేడ్ రాతి వస్తువుల వైపు ముందు నడవండి. గడియారం గంట కొట్టే వేళకు తిరిగి రావచ్చును.