రంగులు విడదీసిన త్స్వెత్

సికింద్రాబాద్ మోండా మార్కెట్లో కొన్న ద్రాక్షపండ్లను మనం కడుక్కుని తింటాం. అయినా వాటిలో పురుగుమందు మిగిలిందేమో కంటికి కనిపించదు. ల్యాబులో దాన్ని తేల్చే పద్ధతికి మూలపురుషుడు మిఖాయిల్ త్స్వెత్.

ఆయన 1872లో ఇటలీలోని ఆస్తి పట్టణంలో పుట్టారు. తండ్రి రష్యన్. పుట్టిన కొద్దికాలానికే తల్లి పోయింది. 1896లో జెనీవాలో డాక్టరేట్ పొంది రష్యా వెళితే, ఆ పట్టా అక్కడ చెల్లలేదు. ఆయన నిరుత్సాహపడక మళ్ళీ పరిశోధన చేసి, 1901లో కజాన్‌లో మరో పట్టా సాధించారు.

తర్వాత వార్సాలో, గాజుగొట్టంలో సుద్దపొడి నింపి, ఆకుల నుంచి తీసిన ద్రావణం పోశారు. ఒక్కో పదార్థం సుద్దకు ఒక్కో తీరుగా అంటుకుంటుంది కనుక ఆకుపచ్చ, పసుపు రంగులు వేర్వేరు పట్టీలుగా విడిపోయాయి. 1906లో దీనికి క్రొమటోగ్రఫీ అని పేరు పెట్టారు.

పేరున్న శాస్త్రవేత్తలు కొందరు నమ్మలేదు. యుద్ధం వల్ల 1915లో వార్సా వదలాల్సి వచ్చింది. 1919లో, 47వ ఏట వొరోనెజ్‌లో కన్నుమూశారు. 1931లో జర్మనీ శాస్త్రవేత్తలు ఆ పద్ధతికి మళ్ళీ ప్రాణం పోశారు. నేడు పండుగుజ్జు నుంచి తీసిన ద్రావణాన్ని గ్యాస్ క్రొమటోగ్రఫీతో విడదీసి, మాస్ స్పెక్ట్రోమీటర్‌తో గుర్తిస్తారు. కిలో పండ్లలో మిల్లీగ్రాములో వందోవంతు మందున్నా దొరికిపోతుంది.

పట్టా చెల్లకపోయినా పని ఆపని త్స్వెత్ మన హాస్టల్ విద్యార్థులందరికీ ఆదర్శం.