బెంజమిను ఫ్రాంక్లినును లైడెను జాడీయు

ఉరుముచున్న మేఘముల క్రింద గాలిపటము నెగురవైచిన మహనీయుడుగా ఫ్రాంక్లినును మన విద్యార్థు లెల్లరు నెరుగుదురు. కాని విద్యుత్తు ఆయన దేహమును నఖశిఖపర్యంతము కంపింపజేసినది మేఘములోనుండి వచ్చి కాదు. నాలుగు గోడల మధ్య, స్నేహితుల సమక్షమున, రెండు గాజుజాడీలనుండి అది వెడలెను. ఆ వృత్తాంతమును చెప్పుటకే మేమీ వ్యాసమునకు పూనుకొంటిమి. ఆయన రాజకీయ చరిత్రము ఇతర గ్రంథములలో విరివిగా లభించును గనుక దానిని క్లుప్తముగా విడిచెదము.

ఫ్రాంక్లిను 1706వ సంవత్సరము జనవరి 17వ తేదీన అమెరికాలోని బోస్టను పట్టణమున జన్మించెను. తండ్రి జోషయా క్రొవ్వువత్తులును సబ్బును చేసి అమ్ముకొని జీవించువాడు. ఆయనకు పదునేడుగురు సంతానము. వారిలో మన కథానాయకుడు పదునైదవవాడు. ఇంతటి కుటుంబమున చదువునకు ధనమెక్కడిది? బాలుడు రెండేండ్లు మాత్రమే బడికి పోయెను. పండ్రెండవయేట అన్నయగు జేమ్సు ముద్రాక్షరశాలలో పని నేర్చుకొనుటకు కుదిరెను. అన్న కొట్టుటయు తిట్టుటయు సహింపజాలక 1723లో పారిపోయి ఫిలడెల్ఫియా చేరెను. అచ్చట క్రమముగా స్వంత ముద్రణాలయమును, వార్తాపత్రికయు, పంచాంగమును గలవాడయ్యెను. 1731లో స్నేహితులతో గూడి చందాలు వేసి యొక గ్రంథాలయమును స్థాపించెను. ఈ గ్రంథాలయమే ఆయనను విద్యుత్తు వైపునకు మరల్చినది. లండనులోని పీటరు కాలిన్సను అను వర్తకుడు గ్రంథములతోపాటు ఒక గాజుగొట్టమును, దానిని రుద్ది నిప్పురవ్వలు పుట్టించు విధమును దెలుపు వివరమును ఆ గ్రంథాలయమునకు పంపెను. నలువది యేండ్ల ముద్రాపకుడు చిన్నపిల్లవానివలె ఆ గొట్టమును విడువక పట్టుకొనెను. ఆయన యింట వేడుక చూడ వచ్చువారితో ఇల్లు నిండిపోవుచుండెనట.

ఆ దినములలోనే ఐరోపాలో నొక వింత కనుగొనబడెను. 1745లో పామరేనియాలో ఫాను క్లైస్టు అను మతాధికారియు, 1746 ప్రారంభమున హాలండు దేశపు లైడెను పట్టణమున మ్యూషెన్‌బ్రోకు అను ఆచార్యుడును, ఒకరి సంగతి యొకరెరుగకయే, సీసాలోని నీటియందు విద్యుత్తును నిలువచేయవచ్చునని తెలిసికొనిరి. సీసాను ఒక చేత బట్టుకొని రెండవచేత దాని తీగను ముట్టిన మ్యూషెన్‌బ్రోకునకు చేతులును దేహమంతయు అదిరిపోయి, తన పని ముగిసినదనియే తోచినది. ఒక రాజ్యమునే యిచ్చినను మరల ఆ పని చేయనని ఆయన మిత్రునికి వ్రాసెను. లోకులు మాత్రము భయపడుటకు మారు ఉత్సాహపడిరి. అదే సంవత్సరమున ఫ్రాన్సులో నోలే అను పండితుడు రాజు ఎదుట నూట యెనుబది మంది సైనికులను చేయిచేయి పట్టించి నిలువబెట్టి, ఒక్క జాడీతో వారినందరను ఒక్కుమ్మడిగా ఎగిరిపడజేసెను. దేశదేశముల ఇది వినోదమయ్యెను.

ఫ్రాంక్లిను ఈ వినోదముతో తృప్తిపడలేదు. జాడీలోపలను వెలుపలను లోహపు పూత యుండును, నడుమ గాజు. లోపల విద్యుత్తు ఎంత అధికమగునో వెలుపల అంత తక్కువయగునని ఆయన చూపెను. అధికమునకు ధనమనియు, కొరతకు ఋణమనియు 1747లో పేరులు పెట్టెను. నేటికిని పాఠ్యపుస్తకములలో అవియే నిలిచియున్నవి. నిండిన జాడీలోని నీటిని వేరొక సీసాలో పోసి చూచిన, ఆ నీటిలో శక్తి కానరాలేదు. మరల మంచినీరు పోసినంతనే పాత జాడీ యెప్పటివలె కొట్టెను. కాబట్టి బలమంతయు గాజునందే యున్నదని ఆయన నిశ్చయించెను. పదునొకండు గాజుపలకలకు సీసపురేకులు తొడిగి వరుసగా కలిపి, ఆ కూర్పునకు ఫిరంగుల వరుసకు చెప్పు బాటరీ అను పేరు పెట్టెను. 1748లో ముద్రణ వ్యాపారమునుండి విరమించి పూర్తిగా ఈ పనికే పూనుకొనెను.

ఇక ఆ రాత్రి సంగతి. 1750 డిసెంబరు 23వ తేదీ. ఒక టర్కీకోడిని విద్యుత్తుచే చంపి చూపవలెనని మిత్రులను పిలిచియుండెను. అట్లు చంపిన పక్షి మాంసము మిక్కిలి మెత్తగా నుండునని ఆయన అభిప్రాయము. రెండు పెద్ద జాడీలను నింపెను; వానిలో సామాన్యమైన సీసాలు నలుబదింటిలో పట్టునంత శక్తి యున్నది. వచ్చినవారు తమలో తాము మాటలాడుచు, ఆయనతోను మాటలాడుచుండిరి. ఆ సందడిలో ఆయన ధ్యానము తప్పెను. జాడీల వెలుపలి పూతలకు తగిలించిన గొలుసు ఒక చేత నుండగనే రెండవచేతిని పైతీగలకు తాకించెను. శక్తియంతయు ఒక చేతినుండి రొమ్ముమీదుగా రెండవచేతికి ప్రవహించెను.

చూచినవారికి గొప్ప మెరుపు కనబడెను, పిస్తోలు ప్రేలినంత చప్పుడు వినబడెను. ఆయనకు మెరుపు కనబడలేదు, చప్పుడు వినబడలేదు. ఆ క్షణమున ఇంద్రియములన్నియు నశించెను. తెలివి వచ్చునప్పటికి దేహము వేగముగా వణకుచుండెను. గొలుసు పట్టుకొనిన చేయియు వ్రేళ్లును రక్తము తోలివేసినట్లు తెల్లబారి, ఎనిమిది పది నిమిషములవరకు చచ్చిన మాంసమువలె నుండెను. నిప్పు ప్రవేశించినచోట గుండ్రని బొబ్బ లేచెను. చేతుల తిమ్మిరియు మెడవెనుకటి తిమ్మిరియు మరునాటి ఉదయమువరకు పోలేదు; రొమ్ముటెముక నలిగినట్లు నొప్పి అటుపిమ్మటను మిగిలెను. టర్కీకోడి మాత్రము ఆ దెబ్బనుండి తప్పించుకొనెను.

రెండు దినములకు, క్రిస్మసునాడు, ఈ సంగతినంతయు ఆయన బోస్టనులోని సోదరునకు వ్రాసెను. అచ్చట ఇట్టి ప్రయోగములే చేయుచుండిన బౌడిను అను మిత్రునకు హెచ్చరికగా చెప్పవచ్చుననియు, ఇంతటి పొరపాటు చేసినందుకు సిగ్గగుచున్నది గనుక ఇతరులకు వెల్లడింపవలదనియు కోరెను. కీర్తికి కొరత రాకుండ దాచుకొనవలసిన సంగతిని సాటి ప్రయోగకర్త ప్రాణము నిమిత్తము వ్రాసి పంపుట మాకు గాలిపటపు సాహసముకంటె గొప్పదిగా తోచుచున్నది.

ఈ లైడెను జాడీయే నేటి కెపాసిటరు. రూపము మాత్రము చిన్నదైనది. ఛాయాచిత్రపు పెట్టెలోని ఫ్లాషుదీపమును వెలిగించు కెపాసిటరులో సుమారు మూడువందల వోల్టు లుండును. మైక్రోవేవు పొయ్యిలోని దానియందు రెండువేల వోల్టులకు తక్కువ యుండదు. ప్లగ్గు ఊడదీసినంతమాత్రమున అది వట్టిపోదు, ఎంతోసేపు నిలువయుండవచ్చును. ఒకసారి వట్టిజేసిన పెద్ద కెపాసిటరుసైతము కొంతసేపటికి మరల కొంత శక్తిని కూడగట్టుకొనును. చెడిన యంత్రము గదాయని మూత విప్పు కుర్రవాండ్రు ఈ సంగతి నెరుగవలెను. ఎరిగినవారు దానిని తగిన నిరోధకముగుండ మెల్లగా వట్టిజేసి, వోల్టుమీటరుతో చూచి గాని ముట్టరు. అప్పుడును ఒక చేతితోనే పనిచేయుదురు, ఏలయన ఒక చేతినుండి రెండవచేతికి పోవు దారిలో గుండె యున్నది.

ఫ్రాంక్లిను తాను మరియొకసారి ఆరుగురు మనుష్యులను వరుసగా నిలిపి, రెండు జాడీలను పూర్తిగా నింపకయే వారిని నేలగూల్చెను. వారెట్లు పడిరో వారికే తెలియలేదు. నేడు రక్షకభటులు వాడు విద్యుత్తుపాకులును ఇట్లే మనిషిని కూల్చును. అవి వేల వోల్టులను అత్యల్పకాలపు దెబ్బలుగా విడుచుటచేత చాలమంది బ్రతికి లేతురు. అయినను పడునప్పుడు తల పగిలి చచ్చినవారును గలరు. పక్షవాతరోగులకు ఈ దెబ్బలు మేలుచేయునేమోయని ఫ్రాంక్లిను కొందరికి ఇచ్చి చూచెను. మొదట కొంత గుణము కనబడినను అది నిలువలేదని 1757లో దాపరికము లేక వ్రాసెను.

1752 మేనెలలో ఆయన సూచన ననుసరించి ఫ్రాన్సులో ఇనుపకడ్డీతో మేఘమునుండి నిప్పురవ్వలు తీసిరి. అదే సంవత్సరమున ఆయన గాలిపటముతో మెరుపును దించి లైడెను జాడీని నింపెను. మరుసటి యేడు సెయింటు పీటర్సుబర్గులో రిఖ్‌మను అను ఆచార్యుడు, భూమితో సంబంధము లేని కడ్డీనుండి మేఘపు బలమును కొలువబోగా, మెరుపు నుదుట దాకి అక్కడికక్కడే మరణించెను. ఫ్రాంక్లిను తన యింటి కడ్డీకి గంటలను అమర్చెను. మేఘము వచ్చినపుడెల్ల అవి తమంతట తామే మ్రోగుచుండెను. ఆయన లండనులో నున్నపుడు భార్య డెబొరా ఆ మ్రోతకు భయపడగా, వానిని మాన్పు ఉపాయమును 1758లో జాబు వ్రాసి తెలిపెను.

పిమ్మటి జీవితము రాజ్యకార్యములలో గడచెను: 1776లో స్వాతంత్ర్య ప్రకటనమున సంతకము, ఫ్రాన్సులో దౌత్యము, 1783లో సంధి, 1787లో రాజ్యాంగసభ. యౌవనమున బానిసలనుంచుకొనిన ఆయనయే కడపట బానిసత్వ నిర్మూలన సంఘమునకు అధ్యక్షుడై, 1790 ఫిబ్రవరిలో ఆ విషయమై శాసనసభకు విజ్ఞాపన పంపెను. ఏప్రిలు 17వ తేదీన, ఎనుబది నాలుగవయేట, ఫిలడెల్ఫియాలో మరణించెను. సుమారు ఇరువదివేల జనులు శవయాత్రను చూచిరి. అచ్చటి క్రైస్టు దేవాలయపు సమాధుల తోటలో భార్య ప్రక్కనే ఆయనను పాతిపెట్టిరి. నేటికిని దారినబోవువారు ఆ రాతిపై రాగి కాసులు వేయుదురు.